డాలస్‌లో లెక్క, మదనపల్లెలో క్యాప్సికం

నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. వ్యవసాయం గురించి మీరేం మాట్లాడతారని మా ఆవిడ పొద్దుటి నుంచీ అడుగుతోంది. నష్టం గురించైతే మాట్లాడగలనని చెప్పి వచ్చాను.

మదనపల్లె దగ్గర మా తమ్ముడు ఎకరంలో పాలీహౌస్ వేశాడు. అమ్మ పేరు మీదున్న పొలం తాకట్టు పెట్టి బ్యాంకు అప్పు తెచ్చాం, మిగతాది నేను పంపాను. డాలస్‌లో కూర్చుని ఎక్సెల్‌లో లెక్క వేసిందీ నేనే: 10,000 మొక్కలు, మొక్కకు 3 కిలోలు, మొత్తం 30 టన్నులు. ఆ సంగతి మొక్కలకు ఎవరూ చెప్పలేదు!

మన గుంటూరు మిర్చీ, ఈ బుంగమిరపా ఒకే జాతి. దీనికి కారం లేదు, అంతే. ఇక్కడ కొట్లో ఆకుపచ్చవీ ఎర్రవీ వేరే రకాలనుకుంటాం గానీ, ఎర్రది చెట్టు మీద పండిన ఆకుపచ్చ కాయే. రంగు తిరగడానికి ఇంకో మూడు నాలుగు వారాలు ఆగాలి. ధర దానికే, భయమూ అప్పుడే.

మొదటి పంగలో వచ్చే పువ్వును గిల్లెయ్యాలి. ఉంచితే మొక్క ఎదగకముందే బలమంతా ఆ కాయ లాగేస్తుంది. "పదివేల పూలు పారేస్తావా?" అని ఫోన్లో కోప్పడ్డాను. వాడు గిల్లలేదు. మొక్కలు గిడసబారాయి.

తరువాత కాయల అడుగున నల్లమచ్చ, కుళ్లు. కాల్షియం లోపమన్నారు. కాల్షియం నైట్రేటు తెప్పించి, సల్ఫేటు, ఫాస్ఫేటు ఎరువులతో ఒకే ట్యాంకులో కలిపించాను. పని తొందరగా అవుతుందని నా సలహా! అడుగున సున్నంలా గసి పేరుకుని డ్రిప్పు రంధ్రాలు మూసుకుపోయాయి. చాలా వరుసలకు నీళ్లందక మచ్చ మరింత ముదిరింది. అసలు మా మట్టిలో కాల్షియానికి కొదవ లేదు. అది నీటితోపాటే కాయకు చేరాలి. నేను పెట్టించిన టైమరు రెండు రోజులకోసారి ఒక్కసారిగా నీళ్లు వదిలేది. రోజూ కొంచెం కొంచెం ఇవ్వాలట.

ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. దేని మందు దానిదే. నేను ఫొటో చూసి ఏదో చెప్పాను. "అన్నా, ఒకసారి ఇక్కడికొచ్చి చూడు" అన్నాడు. సెలవు దొరకలేదు. ఆ తరువాత కొన్ని నెలలు మా ఇద్దరికీ మాటల్లేవు.

రెండో పంటకు పూలు గిల్లించి, నీళ్ల టైము మార్చి, బెంగుళూరుకు ఎర్రకాయ పంపాకే వాడు ఫోన్ చేశాడు. అప్పు ఇంకా ఉంది. వాయిదాలు నేను కడుతున్నాను, లెక్కలు వాడు వేస్తున్నాడు.

మీలో ఎవరికైనా పాలీహౌస్ ఆలోచన ఉంటే భోజనాల దగ్గర కలవండి. మా తమ్ముడి ఫోన్ నంబరిస్తాను.