పంపే ముందు నాలుగు ప్రశ్నలు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీతో ఒక్క మాట.

మన తండాల్లో, కాలనీల్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఇంటింటికీ తిరిగి తలా కొంత పోగు చేస్తాం. ఎవరికి ఇస్తున్నామో మనకు తెలుసు. ఇప్పుడు ఆ దయనే ఫోన్‌లో అడుగుతున్నారు. ఈ పాప ఆపరేషన్‌కు షేర్ చేయండి, ఒక్కో షేర్‌కు రూపాయి వస్తుంది అంటారు. మన రొళ్ల కన్నడ సరిహద్దు కదా, అదే ఫోటో తెలుగులో ఒక ఊరి పేరుతో, కన్నడంలో ఇంకో ఊరి పేరుతో తిరుగుతుంది. షేర్లు లెక్కపెట్టి ఫేస్‌బుక్ గానీ, వాట్సాప్ గానీ ఎవరి వైద్యానికీ డబ్బు కట్టవు.

ఒకప్పుడు ఈ పని ఉత్తరాలు చేసేవి. 1989లో బ్రిటన్‌లో జబ్బుపడ్డ ఒక బాబుకు కార్డులు పంపమని గొలుసు ఉత్తరాలు బయలుదేరాయి. 1991లో ఆపరేషన్ జరిగి అతను కోలుకున్నాడు. అయినా కార్డులు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. తేదీ లేని నిజం కూడా చివరికి అబద్ధమవుతుంది.

ఒక మెసేజ్‌తో పోయేదేముంది అనుకోకండి. పిల్లలను కాపాడుకుందాం అనే పేరుతోనే 2018లో పిల్లల దొంగల పుకార్లు తిరిగాయి. ఆ జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని కొట్టి చంపారు. వాళ్లు భిక్షకు వచ్చిన నాథ్ గోసావి సంచార జాతివాళ్లు. బ్రిటిష్‌వాళ్ల నేరస్థ జాతుల చట్టం ఎరుకల వంటి జాతులను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. 1952లో ఆ చట్టం రద్దయింది, అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. పుకారు పుడితే వేలు మనవాళ్ల వైపే ముందు తిరుగుతుంది. అందుకే ఇది మనకు అందరికన్నా ఎక్కువ పట్టాలి.

అదే ఏడాది జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, జానపద కళాకారులతో పాడించి జనానికి విషయం చెప్పించారు. చదువుకున్న మీరు ఆ పని మన ఊళ్లలో చేయగలరు.

మా హాస్టల్ పిల్లలకు మేము నాలుగు ప్రశ్నలు నేర్పుతున్నాం. ఏ తేదీది? ఏ ఊరు, ఏ ఆసుపత్రి? డబ్బు ఎవరి ఖాతాకు పోతుంది? మొదట పంపిందెవరు? జవాబు దొరక్కపోతే అది మన దగ్గరే ఆగిపోవాలి. రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఉచిత లాప్‌టాప్, స్కాలర్‌షిప్ అని వచ్చే లింకుల్లో ఆధార్ నంబరు, ఓటీపీ ఇవ్వొద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇంట్లో అమ్మో, తాతో నమ్మి పంపితే గ్రూపులో ఎగతాళి చేయకండి. పక్కన కూర్చుని నెమ్మదిగా చూపించండి.

దయ తగ్గించుకోమని మేము చెప్పడం లేదు. హిందూపురం ఆసుపత్రిలో మనవాళ్లకు రక్తం కావాలంటే ఫోటో పంపి ఊరుకోకండి, బస్సెక్కి వెళ్లి ఇచ్చి రండి. సాయమంటే అది. సెలవు.