పట్టాలోని ఏర్, నోటిలోని సెంటు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

పంచాంగ శ్రవణములో ఆదాయ వ్యయములు విన్నాము. మన ఆదాయమునకు మూలము నేల. ఆ నేల కొలతను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదము.

విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయకుల కాలమునను పెక్కు తెలుగు కుటుంబములు కొంగునాటికి వచ్చి నిలిచినవి. అన్నూరు చుట్టుపట్ల మెట్టలలో మన పెద్దలు బావులు త్రవ్వి సేద్యము చేసిరి. మనకు ఇంట తెలుగు, వీధిలో తమిళము. నేలకు కూడ ఇట్లే రెండు భాషలున్నవి. మన నోట ఎకరములు, సెంట్లు; పట్టాలో హెక్టేరులు, ఏర్‌లు.

ఈ ‘ఏర్’ అనగా నాగలి కాదు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల చదరము. నూరు ఏర్‌లు ఒక హెక్టేరు. అది మన లెక్కకు 2 ఎకరముల 47 సెంట్లు. 1956లో మన దేశమున మెట్రిక్ కొలతల చట్టము వచ్చిన పిదప ఈ మాటలు దస్తావేజులలో చేరినవి.

ఇందులో చిక్కు ఎక్కడ వచ్చును? ఒక పట్టాలో 0–81.00 అని యున్నదనుకొందము. తొందరలో చదివినవాడు 81 సెంట్లనుకొనును. కాని అది 81 ఏర్‌లు. అనగా రెండెకరముల పైమాట. సెంట్లని తలచి బేరము కుదుర్చుకొన్నచో ఎకరము 19 సెంట్లు ఉత్తపుణ్యమునకు పోవును. అన్నదమ్ముల పంపకములో ఈ పొరపాటు జరిగినచో, నేలతో పాటు మాటలు కూడ పోవును.

కొలతలు మారుట క్రొత్త కాదు. తెలుగు శాసనములలో మఱుతురులు, పుట్లు కలవు. తంజావూరు సీమలో వేలి, చెంగల్పట్టు సీమలో కాణి వాడిరి. మన ఎకరము మాత్రము దేశవాళీదా? గంటర్ అను ఆంగ్లేయుడు 1620 ప్రాంతమున 66 అడుగుల గొలుసు కల్పించెను. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. అందు నూరవ వంతు సెంటు. తాతలు దానిని నేర్చుకొనిరి. మనము దీనిని నేర్చుకొనలేమా?

ఒక చిత్రము వినుడు. తెలంగాణమున మన వారు ‘గుంట’ లెక్క చెప్పుదురు. నలువది గుంటలు ఒక ఎకరము. గుంటకు 121 చదరపు గజములు. ఏర్‌కు ఇంచుమించు 120. పట్టాలోని క్రొత్త మాటకు మన వారి పాత గుంట ప్రక్కింటి చుట్టమువలె నున్నది!

కనుక మా మనవి ఇది. ఈ పండుగ దినములలో ఇంటి పట్టాలు, పాత క్రయపత్రములు, సర్వే పటములు బయటికి తీయుడు. ఏర్‌ల అంకెను 2.47తో హెచ్చవేసిన సెంట్లు వచ్చును. ఆ లెక్క పిల్లలచేత చేయించుడు. కొడుకులతో పాటు కూతుళ్లను కూర్చుండబెట్టుడు. 2005 నాటి చట్టసవరణతో ఉమ్మడి ఆస్తిలో వారికి సమభాగము దేశమంతట ఏర్పడినది గదా. పిదప వారిని వెంటబెట్టుకొని హద్దురాళ్లు చూపుడు. పాత పత్రమునకును పట్టాకును తేడా కనబడినచో, పెద్దలు జీవించియుండగనే సరిచేయించుకొనుడు.

నేలను కొలిచి పంచుకొందము. అభిమానమునకు మాత్రము గొలుసు వేయవలదు. అందరికిని ఉగాది శుభాకాంక్షలు. సెలవు.