ఈ కాగితం ఎక్కడిది?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి మాట్లాడుకోవలసిన రోజున కంప్యూటరు గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. ఇచ్చింది పది నిమిషాలే కనుక ఉపోద్ఘాతం లేకుండా విషయానికి వస్తాను.

మన సభ్యులు ఒకరు, ఇప్పుడు లేరు, ముప్పై ఏళ్లు సికింద్రాబాద్ చరిత్ర మీద కాగితాలు పోగుచేశారు. పత్రికల కత్తిరింపులు, జిరాక్సులు, పెద్దలు చెప్పగా రాసుకున్న విషయాలు, అన్నీ ఒక ట్రంకుపెట్టెలో. పుస్తకం రాయాలని వారి కోరిక. వారు పోయాక కుమారుడు నన్ను పిలిచి, "బాబాయిగారూ, వీటిని ఏం చేయమంటారు?" అని అడిగాడు. ఇద్దరం కూర్చుని చూశాం. 1960లో సికింద్రాబాద్ మునిసిపాలిటీని హైదరాబాద్‌లో కలిపిన విషయం మీద ఒక కత్తిరింపు ఉంది. "నిన్న జరిగిన సభలో" అని మొదలవుతుంది. ఏ నిన్న? ఏ పత్రిక? కత్తెర ఆ రెండింటినీ బయటే వదిలేసింది. ఒక జిరాక్సు మీద పేజీ నంబరు ఉంది, పుస్తకం పేరు లేదు. ఒక నోటుబుక్కులో "ఆయన స్వయంగా చూశారట" అని ఉంది. ఆ ఆయన ఎవరో చెప్పగలిగిన మనిషి ఇక లేరు. పెట్టెలో సగానికి పైగా ఇదే పరిస్థితి. ఎక్కడిదో చెప్పలేని మాటను ఏ చరిత్రకారుడూ తన పుస్తకంలో పెట్టుకోడు.

"మేమేమీ చరిత్ర రాయడం లేదు కదా" అని మీరనవచ్చు. ఈ రోజు మనం ఇక్కడ ఎందుకు కూర్చున్నాం? 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది కనుక. 31-3-1979కి ముందు రిటైరైనవారికి సవరించిన పెన్షను లేదనడం చెల్లదని ఆ తీర్పు. దీనిని అందరూ ప్రస్తావిస్తారు. కానీ అర్జీలో రాయవలసి వచ్చినప్పుడు ఎ.ఐ.ఆర్. 1983 సుప్రీంకోర్టు, 130వ పేజీ అని ఎంతమంది రాయగలరు? ఆ ఒక్క వాక్యం ఉంటే అర్జీ నిలబడుతుంది, లేకపోతే బతిమాలుకున్నట్టు ఉంటుంది.

ఈ పని మనకు కొత్తది కాదు. ప్రతి ఉత్తరం మీద "విషయం" కింద "రెఫరెన్సు" రాసిన చేతులు మనవి. రెఫరెన్సు లేని నోటును ఏ సూపరింటెండెంటూ పైకి పంపేవారు కాదు. ఇన్‌వర్డు రిజిస్టరు, పర్సనల్ రిజిస్టరు, జీవోలు కుట్టిపెట్టుకున్న స్టాక్ ఫైలు, ఇవన్నీ కలిసి ఒకచోట ఉంటే ఎలా ఉంటుందో, నేను చెప్పబోయే సాఫ్ట్‌వేరు అలా ఉంటుంది.

దాని పేరు జొటెరో. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో చరిత్ర పరిశోధకుల కోసం తయారు చేశారు. పూర్తిగా ఉచితం. ఎండ్‌నోట్, మెండెలే అని ఇంకా ఉన్నాయి, ఎండ్‌నోట్‌కు డబ్బు కట్టాలి. మనకు జొటెరో చాలు.

అందులో ప్రతి కాగితానికీ ఒక పద్దు. 'న్యూ ఐటెమ్' నొక్కితే పుస్తకమా, పత్రికా వ్యాసమా, కోర్టు కేసా, ఇంటర్వ్యూనా అని అడుగుతుంది. దానికి తగిన గడులు వస్తాయి. ఎవరైనా పెద్దాయన నోటితో చెప్పిన విషయమైతే 'ఇంటర్వ్యూ' కింద ఆయన పేరు, తేదీ రాయండి. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో చూసిన కాగితమైతే దాని నంబరు రాయడానికీ గడి ఉంది.

ఇంటర్నెట్‌లో ఉన్నవాటికి శ్రమ ఇంకా తక్కువ. మన బేగంపేటలో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టారు కదా. ఆయన వ్యాసం అదే ఏడాది డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ పేజీ తెరిచి బ్రౌజరు పైన చిన్న బొమ్మను నొక్కితే వ్యాసం పేరు, సంచిక, తేదీ వాటంతట అవే పద్దులోకి చేరతాయి.

తెలుగు పుస్తకాల దగ్గర మాత్రం జాగ్రత్త. పాత పుస్తకాలకు ఐ.ఎస్.బి.ఎన్. నంబరు ఉండదు, చేత్తో కొట్టుకోవాలి. ఆర్కైవ్.ఆర్గ్‌లో దొరికే పాత స్కానులకు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో నానా రకాలుగా ఉంటాయి. అట్ట చూసి సరిదిద్దాలి. ఇంకొకటి, పేరుకు అది రెండు గడులు చూపిస్తుంది, ఇంటిపేరు వేరు, అసలు పేరు వేరు. అలాగే వదిలేస్తే సురవరం ప్రతాపరెడ్డిగారు ఒక్కోచోట ప్రతాపరెడ్డి సురవరం అయిపోతారు! పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే రెండూ కలిసి ఒకే గడి అవుతుంది. తేదీని సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో వేయండి. 5-3 అంటే మార్చి అయిదా, మే మూడా అన్న పేచీ ఉండదు.

మన ఆఫీసులో ఒకే జీవో మూడు ఫైళ్లకు కావాలంటే మూడు నకళ్లు తీయవలసి వచ్చేది. ఇక్కడ ఒకే పద్దును మూడు 'కలెక్షన్'లలో చూపవచ్చు. కలెక్షన్ నుంచి తీసేయడం వేరు, చెత్తబుట్టలో వేయడం వేరు. నొక్కేముందు అక్కడ ఏం రాసి ఉందో చదవండి.

చాలామంది ముందు అన్నీ స్కాన్ చేద్దామని కూర్చుని నెల తిరక్కుండా మానేస్తారు. స్కాను తర్వాత సంగతి. కాగితం వెనక పెన్సిలుతో "పెట్టె 1, కాగితం 27" అని రాసి, అదే నంబరును 'కాల్ నంబర్' గడిలో వేస్తే చాలు. రోజుకు అయిదు. రంగురంగుల ట్యాగుల జోలికి ఇప్పుడే పోవద్దు. మనవడి సాయం తీసుకోండి, మౌస్ మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. వారికోసారి జొటెరో మూసి, దాని ఫోల్డరును పెన్‌డ్రైవులోకి నకలు తీయండి. ఆ పెన్‌డ్రైవు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. ఇక్కడికి వచ్చిన పిల్లలకు ముఖ్యంగా ఇదే నా మనవి.

ఆ ట్రంకుపెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉంది. చిరునామా తెలిసిన కాగితాలకు పద్దులు వేస్తున్నాం. మిగిలినవి ఒక సంచిలో విడిగా ఉంచాం. అరవైలలో సికింద్రాబాద్‌లో ఉన్నవారు ఎవరైనా వచ్చి ఆ సంచి చూస్తే, నాలుగైదు కాగితాలైనా గుర్తుపట్టగలరని నా ఆశ. వచ్చే బుధవారం పదింటికి సంఘం గదికి ల్యాప్‌టాప్, సంచి రెండూ తెస్తాను. మీరు మీ ఇంటి నుంచి మూడు కాగితాలు పట్టుకు రండి.