సిపాయి ఇంట చావు జరిగితే మనం చేయవలసిన పని
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, అప్పులు, వాయిదాల సంగతి కోశాధికారి గారు చెప్పారు. ఆ లెక్కల్లోకి ఎక్కని ఒక సంగతి చెప్పడానికి మేము నిలబడ్డాము. ఇది మా తప్పు కూడా కాబట్టి దాచకుండా చెబుతున్నాము.

మన సభ్యురాలు ఒక అక్క భర్త మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. ఆయన కాలం చేస్తే పంజాగుట్ట శ్మశానవాటికలో దహనం చేశారు. కట్టెలు, బండి, పంతులు, దినాల భోజనాలు... చేతిలో ఉన్నది చాలక ఆ అక్క నూటికి ఐదు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చింది. మేమందరం పోయినాము, దండ వేసినాము, దినాలకు తిని వచ్చినాము. "కాగితాలు ఎక్కడున్నయి అక్కా?" అని ఒక్కరమూ అడగలేదు.

నాలుగు నెలలకు ఆమె వాయిదా ఆగిపోయింది. అప్పుడు ఇంటికి పోయి అడిగితే తెలిసింది. భర్త పింఛను ఆగింది, ఆమె పింఛను మొదలుకాలేదు. పింఛను ఉత్తర్వులో ఆమె పేరు ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు. పైగా చనిపోయిన సంగతి ఆలస్యంగా తెలిపినందున, ఆ మధ్యలో ఖాతాలో పడిన పింఛను తిరిగి కట్టమన్నారు. ఆ పైసలు అప్పటికే దినాలకు ఖర్చయినాయి.

ఆ తర్వాత మేము తిరిగి నేర్చుకున్నది ఇది. రాసుకోండి.

మొదటిది, మరణ ధ్రువపత్రం. 21 రోజుల లోపల నమోదు చేయిస్తే ఫీజు లేదు. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రి వాళ్లే పంపుతారు, ఇంట్లో పోతే మనమే చెప్పాలి. నాలుగైదు కాపీలు తీసుకోవాలి, ప్రతి ఆఫీసులో ఒకటి అడుగుతారు.

రెండోది, కుటుంబ పింఛను. ఇప్పుడు సైన్యం పింఛన్లు 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో వస్తున్నాయి. మరణం సంగతి అక్కడ వెంటనే నమోదు చేయాలి. భార్యకు పింఛను భర్త పోయిన మరుసటి రోజు నుంచి లెక్క. మొదట ఆఖరి జీతంలో సగం వస్తుంది. అది 7 ఏళ్లు, లేదా ఆయన బతికి ఉంటే 67 ఏళ్లు నిండే రోజు, ఏది ముందైతే అంతవరకే. తర్వాత 30 శాతం. పేరు తేడా ఉంటే రికార్డ్స్ ఆఫీసులో సరిచేయించాలి. ఈఎంఈ, ఏఓసీ వాళ్లవి మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ వాళ్లది నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్ వాళ్లది వెల్లింగ్టన్.

మూడోది, సైనిక సంక్షేమ శాఖ. సోమాజిగూడలో, మనకు నడిచిపోయేంత దూరం. అంత్యక్రియల సాయం, ఇతర సాయాలు ఎవరికి ఎంత, గడువు ఎప్పటిదాకా అని అక్కడే అడగాలి. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు తీసుకొని పోండి.

నాలుగోది, పింఛనే లేని వాళ్లు. జవాన్లలో 15 ఏళ్ల సర్వీసు నిండకముందే వచ్చేసిన వాళ్లు ఎక్కువగా ఇలాంటి వాళ్లే. 65 దాటి, వేరే ఆదాయం లేని మాజీ సైనికులకు, వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. హవల్దారు ర్యాంకు వరకు ఇది వర్తిస్తుంది. 4,000 రూపాయలుండేది, 2025 నవంబర్ 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు 8,000 చేశారు.

ఇంకో మాట. ఆ రోజు కొడుకు తండ్రి మీద జాతీయ జెండా కప్పుదామన్నాడు. పక్క వీధి మాజీ సుబేదారు గారు ఆపి, నచ్చజెప్పారు. ప్రభుత్వ, సైనిక, కేంద్ర పారామిలిటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో తప్ప జెండా కప్పకూడదు. కప్పినా చితిలో కాల్చకూడదు, సమాధిలో దించకూడదు. ఆ పెద్దాయన తన మెడల్స్ పెట్టుకొని వచ్చి సెల్యూట్ చేశారు. అదే గౌరవం అనుకున్నాము, అందరికీ కళ్లలో నీళ్లు తిరిగినాయి.

అమెరికాలో మాజీ సైనికులకు జాతీయ శ్మశానంలో చోటు, సమాధి రాయి, జెండా ప్రభుత్వమే ఇస్తుంది. మన దగ్గర సాయం ముక్కముక్కలుగా నాలుగు చోట్ల ఉంది. తిరగగలిగిన వాళ్లకే అందుతుంది. కన్నీళ్లతో ఉన్న మనిషి ఎక్కడని తిరుగుతుంది?

అందుకే ఈ సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాము. ఒకటి, ప్రతి సంఘం తన పరిధిలోని మాజీ సైనికుల ఇళ్లు రాసిపెట్టుకొని, ఆయన ఉండగానే భార్య పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా అన్ని కాగితాల్లో ఒకే తీరుగా ఉన్నాయా చూడాలి. రెండు, చావు జరిగిన రోజే సంఘం నిధి నుంచి సంఘం వడ్డీకే అప్పు ఇవ్వాలి, ఎవరూ ఐదు రూపాయల వడ్డీకి పోవద్దు. మూడు, ఆఫీసులకు ఇద్దరు సభ్యులు వెంట పోవాలి.

ఆ అక్క పేరు సరైంది. పింఛను బకాయితో సహా వచ్చింది. కానీ కట్టిన వడ్డీ తిరిగి రాదు. అది మేము అడగని ఆ ఒక్క మాట ఖరీదు. ఈ తీర్మానాలను చేతులెత్తి ఆమోదించాలని కోరుతున్నాము.