కరివేప మొక్కకు దీపము



కార్యదర్శిగారు నన్ను సాహిత్యమును గూర్చి మాట్లాడుమనిరి. దీపమును గూర్చి మాట్లాడెదనని అనుమతి వేడితిని. ఢిల్లీలో కరివేప మొక్కను పెంచ యత్నింపని తెలుగు ఇల్లు అరుదు. చలికాలములో దానిని పోగొట్టుకొనని ఇల్లు మరింత అరుదు.

2018లో మా అమ్మ గోదావరి తీరమునుండి ఒక కరివేప పిలకను తడిగుడ్డలో చుట్టి తెచ్చినది. మాది క్రింది అంతస్తు క్వార్టరు. వాకిట వేపచెట్టు నీడ. పొగమంచు క్రమ్మగానే మొక్కను గదిలోనికి చేర్చి, దానిపై 100 వాట్ల పాతకాలపు తీగె బల్బు వ్రేలాడదీసితిని. వారము తిరుగకముందే చిగుళ్లు మాడినవి. అట్టి బల్బునకు ఇచ్చిన విద్యుత్తులో అధికభాగము వేడియై పోవును, వెలుగయ్యెడిది స్వల్పము.

పిమ్మట 20 వాట్ల తెల్లని ఎల్.ఇ.డి. దీపమును పైకప్పునకు బిగించితిని. గది వెలిగిపోయినది; మొక్క మాత్రము పాలిపోయి సన్నగా సాగినది. అమ్మ చూచి, "వడ్డించువాడు మనవాడే గాని నాయనా, అంత దూరమున నిలుచుండిన విస్తరి నిండునా?" అన్నది.

ఆ మాటలో శాస్త్రమున్నది. చిన్న దీపమునుండి దూరము రెట్టింపైనచో, పడు వెలుగు నాలుగవ వంతగును. పెట్టెపై ముద్రించు ల్యూమెన్లు మన కంటికి తగిన కొలత, ఆకునకు కాదు. ఆకు 400 మొదలు 700 నానోమీటర్ల వరకు గల కాంతితో ఆహారము సిద్ధపరచుకొనును; అందు ఎరుపును, నీలమును మిక్కిలిగా గ్రహించును. తెల్లని ఎల్.ఇ.డి.లో ఈ వన్నెలన్నియు నున్నవి. ఊదారంగు దీపమునకై అధికమూల్యము చెల్లింప నక్కరలేదు.

దీపమును మొక్కకు అడుగు దూరమునకు దించితిని. దినమునకు 12 గంటలు వెలిగించి, రాత్రి ఆర్పుచుంటిని. వ్యయము నెలకు 7 యూనిట్ల పైచిలుకు మాత్రమే. అయితే దీపము వెలుగునిచ్చును గాని చలిని తీర్చదు; కనుక కుండను కిటికీకి ఎడముగా నుంచితిని. శివరాత్రి నాటికి మూడు చిగుళ్లు తొడిగినవి.

అమ్మ ఆ చిగుళ్లను చూచినది; మరుసటి చలికాలమును చూడలేదు. మొక్క యున్నది.

కావున దీపము కొనువారు వన్నెకును వెలకును ముందు, అది మొక్కకు ఎంత చేరువగా నిలువగలదో చూడుడు. నేటి విందులో చారునకు ఒక గుప్పెడు ఆకు మా ఇంటినుండి తెచ్చితిని. సెలవు.