క్లినిక్ ఎవరి క్యాలెండర్ మీద నడవాలి?



1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మొదలైంది. ఉస్మానియాకు ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో ముంబయిలో జాతీయ సంస్థ వచ్చింది, దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. ఆ తర్వాత కాలేజీలూ సీట్లూ పెరిగాయి. ఇప్పుడు శిక్షణ క్లినిక్కులు అయిదేళ్ల ప్రణాళికలు రాసుకుంటున్నాయి. సౌండ్‌ప్రూఫ్ గదులు, వినికిడి పరీక్షకు కొత్త బేరా యంత్రం, మరిన్ని సీట్లు. కాదనను. అయితే క్లినిక్ ఎవరి క్యాలెండర్ మీద నడవాలన్న ప్రశ్న ఆ ప్రణాళికల్లో నాకు కనపడదు.

ఇప్పుడది సెమిస్టర్ మీద నడుస్తోంది. పరీక్షలొస్తే థెరపీ ఆగుతుంది. బ్యాచ్ మారితే పిల్లవాడు మళ్లీ కొత్త ముఖానికి అలవాటుపడాలి. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలు కావాలని తరగతిలో చెప్పేది మనమే. ఆ లెక్కలో వేసవి సెలవులు లేవు. పసిబిడ్డ చెవి పెరుగుతూనే ఉంటుంది. కొన్ని నెలలకే ఇయర్ మోల్డ్, అంటే చెవి అచ్చు, వదులై వినికిడి మిషన్ కుయ్యిమంటుంది. బిడ్డ పీకేస్తాడు, తల్లి దాన్ని డబ్బాలో దాచి క్లినిక్కు వస్తే తలుపుకి తాళం. కొత్త అచ్చు తీసేవాళ్లు లేని ఆ వారాలు బిడ్డ మాట నేర్చే కాలంలోంచే పోతాయి. లక్షల యంత్రం కొన్న చోట అచ్చు తీసే ముద్ద నిండుకోవడం ఏం ప్రణాళిక?

దీనికి మార్గం మన చేతిలోనే ఉంది. నాలుగేళ్ల వాక్ శ్రవణ డిగ్రీ బీఏఎస్ఎల్పీలో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ ఇంటర్న్‌లలో కొందరిని వేసవిలో వంతులవారీగా మన క్లినిక్‌లోనే ఉంచాలి. కేసు విద్యార్థి పేరు మీద కాక సూపర్‌వైజర్ పేరు మీద నమోదు కావాలి. పాత బ్యాచ్, కొత్త బ్యాచ్ కొన్నాళ్లు కలిసి కూర్చోవాలి. సీట్లు పెంచేముందు గదులు కాదు, సూపర్‌వైజర్లెందరో లెక్కపెట్టాలి. ఈ మాట ఉపకులపతులకు రుచించదు, తెలుసు.

మరొకటి, భాష. కేరళ నుంచి వచ్చిన విద్యార్థి పాలమూరు తల్లికి ఇంట్లో చేయించాల్సిన అభ్యాసం ఎలా చెప్పాలి? మొదటి ఏడాదే తెలుగు నేర్పించే గంట టైమ్‌టేబుల్‌లో ఉండాలి. మన పిల్లలు ఎరగని ఇగ్లూ బొమ్మ చూపి మాట తెప్పించబోయే చార్టులు ఇంకా కొన్ని గోడల మీద ఉన్నాయి. వాటిని దించడానికి బడ్జెట్ అక్కర్లేదు.

మధ్యాహ్నం చర్చలో యంత్రాల జాబితా కన్నా ముందు వేసవి క్లినిక్కునూ, అచ్చు ముద్ద నిండుకోకుండా ఇయర్ మోల్డ్ నిధినీ తీసుకోవాలని ఈ సభ అధ్యక్షుడిగా కోరుతున్నాను.