డీజిలు బండి పొగ: దాని నిదానము



తర్కము చదివినవారికి మొదటి పాఠములోనే పొగ ఎదురగును. కొండమీద పొగ కనబడుచున్నది గనుక అచట నిప్పు ఉండితీరవలెనని గురువుగారు అనుమానమునకు ఉదాహరణము చెప్పుదురు. నేనును బాల్యమున అట్లే వల్లించితిని. ఆ పిమ్మట ముప్పదియేండ్లకు పైగా బడిలో పిల్లలకు వ్యాకరణము చెప్పుచు ఆ పొగ సంగతి మరచితిని. ఉద్యోగము విరమించిన తరువాత ఒక సరకుల బండి వెనుకనుండి వెలువడిన నల్లని పొగ నాకా పాఠమును మరల జ్ఞప్తికి తెచ్చినది.

ఆ బండి మా మేనల్లునిది. అంబాజీపేటలో కొబ్బరికాయలు నింపుకొని రాజమహేంద్రవరమునకు తోలుట వాని వృత్తి. బండి అప్పుమీద కొన్నది. నెలనెలకు వాయిదా చెల్లింపవలెను. ఒకనాడు రావులపాలెము దాటి గౌతమి వంతెన ఎక్కుచుండగా బండికి సత్తువ చాలక, వెనుక నల్లని పొగ క్రమ్మి, ఎదుట పలకమీద ఇంజను దీపము వెలిగినది. దగ్గరనున్న షెడ్డునకు కొనిపోగా అచటి మేస్త్రి స్కానరును తగిలించి, పి0401 అను సంఖ్యను చూచి, ఇ.జి.ఆర్. వాల్వు పోయినదని తీర్పు చెప్పెను. కొత్త వాల్వునకును కూలికిని కలిపి 18,000 రూపాయలైనవి. ఎనిమిదవనాడు అదే వంతెనమీద అదే పొగ, అదే దీపము.

ఇంతకును ఈ వాల్వు ఏమి చేయును? గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు. మామూలు వేడిమిలో ఈ రెండును ఒకే యింట కాపురమున్న దాయాదులవలె ఒకదాని జోలికి మరియొకటి పోక యుండును. ఇంజనులో మంట మిక్కిలి తీవ్రమైనపుడు మాత్రము కలిసి నత్రజని ఆక్సైడులగును. ఇవి ఊపిరితిత్తులకు కీడు చేయును. ఎండవేళ ఇతర ఆవిరులతో కూడి నేలదగ్గర ఓజోనును పుట్టించును. ఈ కీడును తగ్గించుటకై ఇంజను విడిచిన పొగలో కొంతపాలును మరల ఇంజనులోనికే పంపుదురు. ఆ పొగలోని బొగ్గుపులుసు వాయువును నీటియావిరియు మండవు సరికదా, వేడిని తమలో ఇముడ్చుకొనును. ప్రాణవాయువు పాలును తగ్గును. పొయ్యిలో నిప్పు హెచ్చినపుడు ఇల్లాలు కొంచెము నివురు కప్పినట్లు మంట నెమ్మదించును.

పొగ మరలివచ్చు ఆ దారికి తలుపే ఇ.జి.ఆర్. వాల్వు. పంటకాలువ తూమునకు తలుపెట్టిదో దీనికిది అట్టిది. తూమును ఎత్తుటకును దించుటకును లస్కరు ఉన్నట్లు, ఇచట బండిలోని కంప్యూటరు ఉండును. ఇంజను వేడెక్కి, బరువు తక్కువగా లాగుచున్నపుడు తలుపు తెరచును. చల్లగా నున్నపుడును, పూర్తి బలముతో ఎత్తు ఎక్కునపుడును మూయును. లోనికి పోవు పొగను చల్లార్చుటకు పెక్కు బండ్లలో కూలెంటు నీరు ప్రవహించు ఒక పెట్టె గూడ ఉండును. ఆ పెట్టెను అలక్ష్యము చేయరాదు. 2018లో దక్షిణ కొరియా దేశమున బి.ఎం.డబ్ల్యు. డీజిలు కార్లు కొన్ని మంటలలో చిక్కుకొనగా, ఈ పెట్టె కారి, ఆ కారిన ద్రవము మసితో కలిసి పేరుకొని అంటుకొనుటయే కారణమని తేలినది. ఆ దేశమున లక్షకు పైగా కార్లను వెనుకకు పిలిపించి మరమ్మతు చేసిరి.

వాల్వునకు పరమశత్రువు మసి. పొగలోని మసియు ఇంజనునుండి వచ్చు నూనె యావిరియు కలిసి తారువలె అంటుకొనును. దగ్గరదగ్గర ఊళ్లకు నెమ్మదిగా తిరుగు బండ్లలోను, బడి ముంగిటనో సంతలోనో ఇంజను ఆపక గంటలకొలది నిలుపు బండ్లలోను ఇది త్వరగా పేరుకొనును. తలుపు తెరచుకొని బిగిసిపోయెనా, అక్కరలేని వేళ గూడ పొగ లోనికి దూరి, గాలి చాలక, నల్లపొగ వచ్చును, సత్తువ తగ్గును, ఆపి ఉంచినపుడు ఇంజను వణకుచు ఒక్కొక్కప్పుడు ఆరిపోవును. మూసుకొని బిగిసిపోయెనా, బండి చక్కగనే పోవును, పొగయు కనబడదు. ఇంజను చప్పుడు కొంచెము కరకుగా నుండును, దీపము వెలుగును, అంతియే. కంటికి కనబడని విషము మాత్రము హెచ్చును. ఈ రెండవదియే మోసకారి.

ఇక మా బండి సంగతి. రెండవసారి పోగా ఆ షెడ్డువాడు, "చిన్న రేకుముక్క అడ్డుపెట్టి ఆ దారినే మూసివేసెదను, ఇక జన్మలో ఈ పీడ ఉండదు" అనెను. దీపము వెలుగదా అని నేనడిగితిని. కంప్యూటరులో ఆ లెక్కనే తుడిచివేయుదు ననెను. నాకది రుచింపలేదు. మేనల్లుడు, "మామయ్యా, వాయిదా దగ్గర పడుచున్నది, ఏదో ఒకటి కానిమ్ము" అని తొందరపెట్టినను, వానిని ఒప్పించి రాజమహేంద్రవరమున ఒక ముసలి మేస్త్రి కడకు కొనిపోయితిని.

ఆయన పానా పట్టకమునుపు ప్రశ్నలడిగెను. పొగ ఎప్పుడు వచ్చును? బరువుతో ఎత్తు ఎక్కునపుడే. నిలిపి ఉంచినపుడు ఇంజను వణకునా? లేదు. అంతట నావంక తిరిగి, "పంతులుగారూ, ఈ సంఖ్య వాల్వు చెడినదని చెప్పదండీ. మరలివచ్చు పొగ తక్కువగా ఉన్నదని కంప్యూటరు తలచుచున్నదని మాత్రమే దీని యర్థము. మరలివచ్చు పొగ తగ్గినచో ఆ చోటున గాలి ఎక్కువగును గదా. గాలి ఎక్కువైనచో నల్లపొగ ఎట్లు వచ్చును?" అనెను.

నేను అవాక్కయితిని. మేము పాఠశాలలో సవ్యభిచార హేతువని వల్లించినది ఇదియే. ఒకే గుర్తు పలు కారణములకు చెందియున్నపుడు దానిని పట్టుకొని ఒక కారణమునే సాధింపరాదు. నల్లపొగ వాల్వు వలననే రానక్కరలేదు. గాలిజల్లెడ పూడినను వచ్చును, డీజిలు చిమ్ము ఇంజెక్టర్లు అరిగినను వచ్చును, టర్బో చెడినను వచ్చును, గాలిగొట్టము చిరిగినను వచ్చును.

ఆయన చేసిన పరీక్ష వినదగినది. ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మట, నిలిపి ఉంచిన బండిలోనే స్కానరు ద్వారా వాల్వును తెరువుమని ఆజ్ఞ యిచ్చెను. బండి లోనికి పీల్చు గాలిని కొలుచు సాధనమొకటి ఉన్నది. దాని లెక్క స్కానరులో కనబడును. వాల్వు తెరచుకొనగానే ఆ లెక్క మూడింట ఒక వంతునకు పైగా పడిపోయి, ఇంజను వణకినది. మూయగానే యథాస్థితికి వచ్చినది. అనగా తలుపు తెరచుకొనుచున్నది, మూసుకొనుచున్నది, దారియు పూడలేదు. ఆజ్ఞ యిచ్చినను లెక్క కదలకున్నచో అపుడు వాల్వునో దారినో శంకింపవలెను.

మరి దోషమెచట? టర్బోనుండి గాలిని చల్లార్చు పెట్టెకు పోవు రబ్బరు గొట్టమును తడిమి, అడుగుప్రక్కను నూనె చెమ్మను నాకు చూపెను. గొట్టమును వంచగా రెండంగుళముల చీలిక నోరు తెరచినది. బరువు లాగునపుడు టర్బో ఒత్తిడికి అది తెరచుకొని గాలి బయటికి పోవుచుండెను. కళ్లములో ధాన్యము కొలిచి, గాదె చేరకమునుపే సంచి చిరుగునుండి కారిపోయినట్లయినది. కంప్యూటరు కళ్లపు లెక్కనే నమ్మినది. అంత గాలి పోవుచున్నది గనుక పొగ మరలిరాలేదని ఒక తీర్మానము, అంత గాలికి సరిపడ డీజిలు పోయవలెనని మరియొక తీర్మానము. మొదటి దానివలన సంఖ్య వచ్చినది, రెండవ దానివలన నల్లపొగ వచ్చినది. గొట్టము వెల 1,400 రూపాయలు.

వాల్వు నిజముగా చెడుటయు కలదు. పాత బండ్లలో కొన్నింట వాల్వును గాలి పీల్పు ఒత్తిడి ఎత్తును. చేతి పంపుతో పీల్చినపుడు లోని పొర ఆ పట్టును నిలుపుకొనవలెను, కాడ పైకి లేవవలెను. పట్టు జారిపోయినచో పొర చినిగినదన్నమాట. కాని అంతకుముందు దానికి వచ్చు సన్నని గొట్టములను చూడవలెను. ఎలుక కొరికినను చాలును. కొత్త బండ్లలో చిన్న విద్యుత్ మోటారు తలుపును త్రిప్పును. వీనికి కంప్యూటరు కోరిన స్థానమెంత, తలుపు నిలిచిన స్థానమెంత అని స్కానరులో రెండు అంకెలును పోల్చిచూడవలెను. అవి కలియకున్నచో తీగలను, ప్లగ్గును పరీక్షించిన పిమ్మటనే వాల్వును నిందింపవలెను.

మసి పట్టినంత మాత్రమున పారవేయనక్కరలేదు. ఊడదీసి, శుభ్రపరచు ద్రవము చల్లి, కుంచెతో తోమిన చాలమార్లు బాగుపడును. ద్రవము మోటారులోనికి పోరాదు. తలుపును బలవంతముగా వ్రేలితో త్రిప్పరాదు, లోపలి పండ్లు విరుగును. ఇంజను తిరుగుచుండగా ద్రవమును గాలిదారిలో మితిమీరి చిమ్ముట ప్రమాదము. డీజిలు ఇంజను దానినే ఇంధనముగా త్రాగి, ఆపినను ఆగక పరుగెత్తవచ్చును.

మార్చవలసియే వచ్చినచో, ఇంజను పూర్తిగా చల్లారవలెను. బ్యాటరీ ఋణధ్రువపు తీగను తీయవలెను. కూలెంటు దారి అడ్డమున్నచో దానిని పాత్రలోనికి దింపవలెను. బోల్టులు వేడికి కరచుకొనియుండును. తుప్పు వదలించు నూనె వేసి తగినంతసేపు ఆగవలెను, తొందరపడిన తల తెగి చేతికి వచ్చును. పాత గ్యాస్కెట్టును మరల వాడరాదు. వాల్వు కూర్చుండు చోటునే గాక దాని వెనుక దారిలోని మసిని గూడ తీయవలెను. ఇది చేయకున్న కొత్త వాల్వు గూడ కొలదికాలములో బిగిసిపోవును. పెక్కు షెడ్లలో మానివేయు పని ఇదియే. బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగింపవలెను. కూలెంటు నింపి లోని గాలిని వెడలింపవలెను. పెక్కు బండ్లలో కొత్త వాల్వు మూసిన హద్దును తెరచిన హద్దును కంప్యూటరునకు స్కానరుతో నేర్పవలెను. పాత సంఖ్యను తుడిచి, బరువుతో నడిపి చూచిన తరువాతనే కూలి చెల్లింపుడు.

రేకు అడ్డుపెట్టు సంగతి మిగిలినది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ విభాగము తయారీదారుని నిర్ణయమునకు విరుద్ధముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. పొగపరీక్షలో నెగ్గితిమి గదా యని కొందరందురు. మన దేశమున డీజిలు బండ్లకు చేయు ఆ పరీక్షలో పొగ యెంత చిక్కనో కొలతురే గాని నత్రజని ఆక్సైడులను కొలువరు. కావున ఆ చీటీ ఈ పాపమునకు సాక్షి కానేరదు. ఫోక్స్ వాగన్ కంపెనీ పరీక్షవేళ మాత్రము ఈ విషమును అణచి, తక్కినవేళ విడుచునట్లు కంప్యూటరులో మాయ చేసినదని 2015 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ బయటపెట్టగా లోకమంతయు ఛీకొట్టినది. మన ఊరి బండికి రేకు కొట్టిన దానిని పీల్చువారు మన వీధిపిల్లలే.

మొదటి షెడ్డువాడు కొత్త వాల్వును తిరిగి తీసికొననన్నాడు గనుక అది బండిలోనే ఉన్నది. పాతదానిని మేనల్లుడు గోనెగుడ్డలో చుట్టి సీటు క్రింద వేసియుండెను. ముసలి మేస్త్రి దానిని కడిగి, పరీక్షించి, ఏ దోషమును లేదని చెప్పి తిరిగి ఇచ్చెను. ఇప్పుడది మా అటకమీద నున్నది.